వెబ్ చిరునామాను చదవడం, సరిదిద్దుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, మా అపార్ట్‌మెంటు సెల్లారులో, ఆదివారం ఉదయం పదిమందిమి కూర్చుని ఫోను, కంప్యూటరు వాడకంలో ఎదురైన చిక్కులను ఒకరికొకరు విప్పిచెప్పుకునే అలవాటు ఉంది. పింఛను పత్రం కోసం వచ్చే పెద్దలు, హాల్ టికెట్ కోసం వచ్చే విద్యార్థులు, ఇంటిపన్ను కట్టడానికి వచ్చే ఇరుగుపొరుగువారు అడిగే సందేహాల్లో చాలావాటికి మూలం ఒకటే: తెర పైభాగాన ఉండే ఆ పొడుగాటి చిరునామాను ఎవరూ చదవరు. అది యంత్రానికి మాత్రమే అర్థమయ్యే మంత్రమని అందరూ అనుకుంటారు. నిజానికి అది మనుషులు చదువుకోగలిగిన, అవసరమైతే చేత్తో దిద్దుకోగలిగిన చిన్న వాక్యం. అక్కడ మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలను, నేను చెప్పిన సమాధానాలను ఇక్కడ చేర్చాను.

ఒక్క మనవి. చిరునామాలను పలికే విధంగా తెలుగు లిపిలోనే రాశాను. అడ్రస్ బార్‌లో టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాలలోనే కొట్టాలి.

వెబ్ చిరునామాలో ఏయే భాగాలు ఉంటాయి?

మన జిల్లా యంత్రాంగపు వెబ్‌సైటునే తీసుకుందాం. దాని తెలుగు పుట చిరునామా "హెచ్‌టీటీపీఎస్://విశాఖపట్నం.ఏపీ.గవ్.ఇన్/టీఈ/" అని ఉంటుంది. ఇందులో మొదటి ముక్క, అంటే రెండు చుక్కలు, రెండు ఏటవాలు గీతల వరకు ఉన్నది, మన బ్రౌజరు (క్రోమ్ లాంటి, వెబ్ పుటలు తెరిచే యాప్) అవతలి కంప్యూటరుతో ఏ పద్ధతిలో మాట్లాడాలో చెబుతుంది. రెండో ముక్క, అంటే చుక్కలతో విడగొట్టిన "విశాఖపట్నం.ఏపీ.గవ్.ఇన్" అన్నది, ఎవరి ఇంటికి వెళ్లాలో చెబుతుంది, దీన్నే డొమైన్ పేరు అంటారు. ఆ తర్వాత వచ్చే ఒంటి గీత నుంచి మిగిలినదంతా ఆ ఇంట్లో ఏ గదికి, ఏ అరకు వెళ్లాలో చెబుతుంది. ఇక్కడ "టీఈ" అన్న రెండక్షరాలు తెలుగు భాషకు గుర్తు. కొన్ని చిరునామాలలో వీటి తర్వాత ప్రశ్నార్థకం, దాని వెనుక మరికొన్ని మాటలు, చివర హాష్ (#) గుర్తు కూడా కనిపిస్తాయి. వాటి సంగతి ముందుముందు వస్తుంది.

ఈ ఏర్పాటుకు ఆద్యుడు టిమ్ బెర్నర్స్-లీ. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ 1989లో ఆయన చేసిన ప్రతిపాదన నుంచే వెబ్ పుట్టింది. చిరునామా రాసే నియమాలు 1994 డిసెంబరులో ఒక పత్రంగా వెలువడ్డాయి. 2005 జనవరిలో వెలువడిన మరో పత్రం వాటిని మరింత స్పష్టంగా నిర్వచించింది.

చిరునామాను ఎటు నుంచి ఎటు చదవాలి?

ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే ఓపిక ఉన్నవారు దీన్నే చదవాలని నా కోరిక.

ఉత్తరం మీద మనం ముందు మనిషి పేరు, తర్వాత డోర్ నంబరు, వీధి, ద్వారకానగర్, విశాఖపట్నం, చివర 530016 అని రాస్తాం. చిన్నదానితో మొదలుపెట్టి పెద్దదానితో ముగిస్తాం. తపాలా సిబ్బంది మాత్రం దాన్ని కింది నుంచి పైకి చదువుతారు. పిన్‌కోడులోని మొదటి అంకె 5 చూడగానే అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలున్న మండలానిదని తెలుస్తుంది. మనిషి పేరుతో పని పడేది గుమ్మం ముందు నిలబడిన పోస్ట్‌మాన్‌కే. డొమైన్ పేరు కూడా అచ్చంగా ఇదే వరుసలో ఉంటుంది. "విశాఖపట్నం.ఏపీ.గవ్.ఇన్" అన్నదాన్ని కుడి నుంచి ఎడమకు చదివితే, ముందు "ఇన్" అంటే భారతదేశం, తర్వాత "గవ్" అంటే ప్రభుత్వం, తర్వాత "ఏపీ" అంటే మన రాష్ట్రం, చివరకు విశాఖపట్నం జిల్లా అని వస్తుంది. అధికారం ఎవరిదో తెలిపేది కుడి చివర. ఎడమ చివర ఉన్న మాటను ఆ ఇంటి యజమాని తన ఇష్టం వచ్చినట్టు పెట్టుకోవచ్చు.

ఒంటి గీత దాటాక వరుస తిరగబడుతుంది. అక్కడి నుంచి పెద్దది ముందు, చిన్నది వెనుక వస్తాయి. బ్లాకు, అంతస్తు, ఫ్లాటు, ఫ్లాటులోని గది అన్న క్రమంలో. అందుచేత ఆ మొదటి ఒంటి గీతను నేను "గడప" అంటాను. గడపకు ఎడమవైపున ఉన్నది వీధి చిరునామా, దాన్ని గడప దగ్గర నుంచి ఎడమకు చదవాలి. గడపకు కుడివైపున ఉన్నది ఇంటి లోపలి దారి, దాన్ని గడప నుంచి కుడికి చదవాలి. ఎంత పొడుగు లింకు వచ్చినా ముందు గడపను వెతికి పట్టుకుంటే, సగం పని అయినట్టే.

ఈ రెండు దిశల గందరగోళం అనవసరమని, మొదటి నుంచి చివరి వరకు పెద్దది ముందు, చిన్నది వెనుక వచ్చేటట్టు పెట్టి ఉంటే బాగుండేదని బెర్నర్స్-లీయే తర్వాత అన్నారు. ఇళ్ల పేర్ల, అంటే డొమైన్ పేర్ల, పద్ధతిని అమెరికా కంప్యూటరు శాస్త్రవేత్త పాల్ మోకాపెట్రిస్ 1983లోనే రూపొందించగా, లోపలి దారి రాసే పద్ధతి కంప్యూటరు ఫోల్డర్ల నుంచి వచ్చింది. రెండు వేర్వేరు ఊళ్ల ఆచారాలు ఒకే పెళ్లిలో కలిసినట్టు, రెండూ ఒకే వరుసలో ఇమిడిపోయాయి.

మొదట వచ్చే రెండు గీతలకు అర్థం ఏమిటి?

వాటి వల్ల పెద్ద ప్రయోజనం లేదని, అవి లేకుండానే పని జరిగి ఉండేదని 2009లో బెర్నర్స్-లీ స్వయంగా ఒప్పుకున్నారు. మీరు వాటిని టైపు చేయనవసరం లేదు, బ్రౌజరే చేర్చుకుంటుంది.

హెచ్‌టీటీపీఎస్ అని ఉంటే ఆ సైటు నమ్మదగినదేనా?

కాదు. చివరి "ఎస్" అక్షరానికి అర్థం, మీ ఫోనుకు, అవతలి కంప్యూటరుకు మధ్య నడిచే మాటలను దారిలో ఎవరూ వినలేరు, మార్చలేరు అని మాత్రమే. అవతల ఉన్నది మంచివాడా, మోసగాడా అన్నది అది చెప్పదు. ఈ రక్షణకు కావలసిన ధ్రువపత్రాన్ని నేడు ఎవరైనా ఉచితంగా, నిమిషాల్లో పొందవచ్చు కాబట్టి మోసగాళ్లూ దాన్ని పెట్టుకుంటున్నారు. తాళం బొమ్మను చూసి జనం పొరబడుతున్నారన్న కారణంతోనే క్రోమ్ బ్రౌజరు 2023లో ఆ బొమ్మను తీసివేసి, దాని స్థానంలో సెట్టింగుల గుర్తు పెట్టింది. "ఎస్" లేని సైటులో పాస్‌వర్డ్ ఇవ్వకూడదన్నది నిజమే, కానీ "ఎస్" ఉన్నంత మాత్రాన ఇవ్వవచ్చునని కాదు.

నా ఫోనులో పూర్తి చిరునామా కనిపించదు. ఎలా చూడాలి?

స్థలం చాలదని చాలా బ్రౌజర్లు మొదటి భాగాన్ని దాచి, డొమైన్ పేరును మాత్రమే చూపుతాయి. అడ్రస్ బార్ మీద ఒకసారి వేలితో నొక్కితే మొత్తం విచ్చుకుంటుంది. వాట్సాప్‌లో వచ్చిన లింకును తెరవకుండానే చూడాలంటే దాని మీద వేలు కాసేపు ఉంచి, కాపీ చేసి, నోట్స్‌లో అతికించి చదువుకోవచ్చు. కంప్యూటరులో అయితే లింకు మీద మౌస్ బాణాన్ని నిలిపితే చాలు, అది ఎక్కడికి వెళ్తుందో కిటికీ అడుగున కనిపిస్తుంది. లింకు మీద రాసి ఉన్న అక్షరాలు ఒకటి, అది తీసుకుపోయే చోటు వేరొకటి కావచ్చు.

చిరునామా తెలిసినప్పుడు గూగుల్‌లో వెతకడం తప్పా?

తప్పు కాదు, కానీ చుట్టుదారి. అడ్రస్ బార్‌లో చుక్కతో కూడిన పూర్తి పేరు కొడితే బ్రౌజరు నేరుగా ఆ ఇంటికి వెళ్తుంది. చుక్క లేకుండా మాటలు కొడితే వాటిని వెతుకులాట యంత్రానికి అప్పగిస్తుంది. అప్పుడు వచ్చే జాబితాలో అన్నిటికన్నా పైన ఉండేవి తరచుగా డబ్బిచ్చి పెట్టించుకున్న ప్రకటనలు. ఇంటిపన్ను కట్టాలనుకుని నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పేరు వెతికి, పైన కనిపించిన మొదటి లింకునే నొక్కినవారికి దళారుల సైట్లు తగలడం నేను కళ్లారా చూశాను. "జీవీఎంసీ.గవ్.ఇన్" అని కొట్టడానికి పట్టే సమయం, ఆ జాబితాను చదివే సమయం కన్నా తక్కువ.

వెతుకులాట తప్పనిసరి అయినప్పుడు దాన్ని ఒక ఇంటికే పరిమితం చేసే ఉపాయం ఉంది. "సైట్" అన్న ఇంగ్లీషు మాట, వెంటనే రెండు చుక్కలు (:), ఖాళీ వదలకుండా "ఏపీ.గవ్.ఇన్" అని కొట్టి, ఆ తర్వాత ఖాళీ వదిలి మీకు కావలసిన మాటలు రాస్తే, రాష్ట్ర ప్రభుత్వ సైట్లలోని పుటలు మాత్రమే వస్తాయి.

"404, పేజీ దొరకలేదు" అని వస్తే ఏం చేయాలి?

ముందుగా ఒక ఊరట: ఇల్లు దొరికింది, గది మాత్రమే దొరకలేదు అని దాని భావం. ఇల్లే దొరకకపోతే సర్వర్ కనబడలేదన్న వేరే సందేశం వస్తుంది. 403 అంటే గది ఉంది కానీ మీకు ప్రవేశం లేదని, 500 అంటే లోపల వారి పొరపాటు ఏదో జరిగిందని తెలుసుకోవాలి. ఆ రెంటికీ మీరు చిరునామాలో దిద్దగలిగింది సాధారణంగా ఏమీ ఉండదు.

404 వచ్చినప్పుడు మాత్రం చేతిలో పని ఉంది. సందు చివర దారి మూసుకుపోయి ఉంటే మనం వెనక్కి వచ్చి, ముందు సందు మొదట్లోను, అక్కడా తెలియకపోతే జంక్షన్‌లోను నిలబడి అడుగుతాం కదా. చిరునామాను కూడా అలాగే కుడి చివర నుంచి కత్తిరించుకుంటూ రావాలి. చివరి గీత తర్వాత ఉన్న మాటను చెరిపి ఎంటర్ నొక్కండి. పుట తెరుచుకుంటే, మీకు కావలసినది అక్కడి జాబితాలో కొత్త పేరుతో ఉండవచ్చు. తెరుచుకోకపోతే ఇంకో ముక్క చెరపండి. అలా గడప దాకా వచ్చేసరికి సైటు ముఖపుట సాధారణంగా వస్తుంది. గడపకు ఎడమవైపు మాత్రం ఇలా ఇష్టం వచ్చినట్టు కత్తిరించకూడదు, అక్కడ ఒక్క అక్షరం తేడా వచ్చినా వేరే వారి ఇంట్లో తేలుతారు.

కత్తిరించే ముందు చిరునామా చివర అనవసరపు గుర్తేమైనా అంటుకుందేమో చూడండి. సందేశంలో వాక్యం చివర లింకు పెట్టినప్పుడు వాక్యాంతపు చుక్కో, కామానో, మూసిన కుండలీకరణమో దానిలో కలిసిపోతుంది. దాన్ని తీసివేయగానే పుట తెరుచుకున్న సందర్భాలు నాకు లెక్కలేనన్ని.

మన జిల్లావారికి ఇంకొక కారణం కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాల పునర్విభజన జరిగి, పాత విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాయి. చోడవరానికో పాడేరుకో సంబంధించిన సమాచారం కోసం పాత లింకును పట్టుకుని వెళ్తే అది దొరకకపోవచ్చు. అలాంటప్పుడు, చోడవరం సంగతైతే, గడపకు ఎడమవైపున "విశాఖపట్నం" అన్న ఒక్క మాటను తీసి "అనకాపల్లి" అని పెట్టి, మిగిలిన "ఏపీ.గవ్.ఇన్" ను అలాగే ఉంచి చూడండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సైట్ల పేర్లు కూడా ఇదే పోలికలో ఉన్నాయి. ఒక చిరునామా కట్టుబాటు తెలిస్తే దాని పక్కింటి చిరునామాను ఎవరూ చెప్పకుండానే ఊహించవచ్చునన్న సంగతి నాకు ఇప్పటికీ సరదాగానే ఉంటుంది.

పుటను పూర్తిగా తీసేసి ఉంటే ఇక దారి లేదా?

ఉంది. అమెరికాలో 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ వెబ్ పుటల ప్రతులను ఎప్పటికప్పుడు తీసి దాస్తోంది. వాటిని 2001 నుంచి అందరికీ చూపుతోంది. మీ దగ్గరున్న పాత చిరునామా ముందు "వెబ్.ఆర్కైవ్.ఆర్గ్/వెబ్/" అని చేర్చి ఎంటర్ నొక్కితే, ఆ పుట ప్రతి ఉన్నట్లయితే అది తెరుచుకుంటుంది. "వెబ్/" తర్వాత ఒక నక్షత్రపు గుర్తు, మరో గీత పెట్టి, ఆపైన పాత చిరునామా రాస్తే ఏయే తేదీల ప్రతులు ఉన్నాయో కేలండరులా చూపుతుంది. 2014 అక్టోబరు 12న మన తీరాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను నాటి వార్తలను వెతుకుతూ ఒక విద్యార్థిని మా దగ్గరకు వచ్చినప్పుడు, ఆమె జాబితాలోని చచ్చిపోయిన లింకుల్లో కొన్నింటిని ఇలాగే బయటకు తీశాం. అన్నీ దొరకలేదు. 2013లో ఉన్న వెబ్ పుటల్లో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవని అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో ప్రకటించింది. కాబట్టి అవసరమైన పుటను ఆ రోజే పీడీఎఫ్‌గా దాచుకోవడం మేలు.

చిరునామాలో ప్రశ్నార్థకం తర్వాత వచ్చే పొడుగాటి అక్షరాలు ఏమిటి?

గడప దాటి గదిలోకి వెళ్లాక అక్కడి గుమాస్తాకు మీరు ఇచ్చే చీటీ అది. ప్రశ్నార్థకంతో చీటీ మొదలవుతుంది. అందులో ప్రతి వివరమూ "ఫలానా = ఇంత" అన్న రూపంలో ఉంటుంది; ఒక వివరానికి, మరోదానికి మధ్య "&" గుర్తు ఉంటుంది. ప్రశ్నార్థకం ఒక్కసారే రావాలి, ఆ తర్వాత చేర్చే ప్రతి వివరానికీ "&" పెట్టాలి. ఈ ఒక్క నియమం గుర్తుంటే చీటీని మీరే రాసుకోవచ్చు.

ఈ చీటీలలో రెండు రకాలున్నాయి. మొదటి రకం మీ పనికి అవసరమైనది. యూట్యూబ్ చిరునామాలో "వీ =" తర్వాత వచ్చే పదకొండు అక్షరాలు ఆ వీడియోకు గుర్తు; అవి పోతే వీడియో పోతుంది. రెండో రకం మీ అడుగుజాడలు కనిపెట్టడానికి ఇతరులు అతికించినది. "యూటీఎం" తో మొదలయ్యే వివరాలు మీరు ఏ ప్రకటన ద్వారా వచ్చారో సైటువారికి చెబుతాయి. "ఎఫ్‌బీ‌క్లిడ్" అన్నది ఫేస్‌బుక్ నుంచి, "జీ‌క్లిడ్" అన్నది గూగుల్ ప్రకటన నుంచి వచ్చిన నొక్కుకు గుర్తు. వీటిని చెరిపేసినా పుట ఏమాత్రం మారదు. లింకు సగానికి సగం తగ్గి, వాట్సాప్‌లో చూడటానికి కూడా శుభ్రంగా ఉంటుంది.

ఏది ఉంచాలో, ఏది తీయాలో తేలకపోతే ప్రశ్నార్థకం నుంచి చివరి వరకు మొత్తం చెరిపి ఎంటర్ నొక్కి చూడండి. అదే పుట వచ్చిందంటే ఆ చీటీ అనవసరమైనదే. వేరే పుట వస్తే వెనక్కి వెళ్లే బాణం ఉండనే ఉంది. అయితే లాగిన్ అయి ఉన్నప్పుడు, డబ్బు చెల్లింపు మధ్యలో ఉన్నప్పుడు మాత్రం ఈ ప్రయోగాలు వద్దు.

హాష్ గుర్తు ఎందుకు?

పుటలో ఒక నిర్దిష్టమైన చోటుకు దింపడానికి. విచిత్రమేమిటంటే, హాష్ తర్వాతి భాగాన్ని బ్రౌజరు అవతలి సర్వర్‌కు పంపదు, తన దగ్గరే ఉంచుకుని పుట వచ్చాక ఆ చోటు వెతుకుతుంది. వికీపీడియా వ్యాసంలో విషయసూచికలోని ఒక శీర్షికను నొక్కి అడ్రస్ బార్ వైపు చూస్తే, చివర హాష్, ఆ శీర్షిక పేరు చేరడం గమనించవచ్చు. ఆ చిరునామాను పంపితే అవతలివారు నేరుగా ఆ భాగం దగ్గరే దిగుతారు.

తెలుగు వికీపీడియా లింకు కాపీ చేస్తే శాతం గుర్తులు, అంకెలు వస్తున్నాయి. చెడిపోయిందా?

చెడిపోలేదు. వెబ్ చిరునామా నియమాలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులకు మాత్రమే చోటిచ్చాయి. అందువల్ల మిగతా లిపుల అక్షరాలను సంకేతాలుగా మార్చి పంపుతారు. ఆ లెక్కలో ఒక్కొక్క తెలుగు వర్ణానికి మూడు సంకేతాలు, ఒక్కొక్క సంకేతానికి శాతం గుర్తుతో కలిపి మూడు స్థానాలు, వెరసి తొమ్మిది స్థానాలు పడతాయి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. "విశాఖపట్నం" అన్న మాటలో అలాంటివి పది ఉన్నాయి కాబట్టి, మన కంటికి ఐదు అక్షరాలుగా కనిపించే ఊరిపేరు చిరునామాలో తొంభై స్థానాలు ఆక్రమిస్తుంది. సందేశంలో అది భయపెట్టేటట్టు ఉన్నా నిశ్చింతగా పంపవచ్చు, అవతలి బ్రౌజరు దాన్ని మళ్లీ తెలుగులో చూపుతుంది. మధ్యలో తెగిపోకుండా చూసుకుంటే చాలు. శాతం గుర్తు పక్కన 20 ఉంటే అది మాటల మధ్య ఖాళీ అని గుర్తుంచుకోండి.

తెలుగు వికీపీడియా చిరునామా మొదట్లో ఉండే "టీఈ" ని "ఈఎన్" గా మారిస్తే ఇంగ్లీషు వ్యాసం వస్తుందా అని కూడా అడుగుతారు. ఇంగ్లీషు వికీపీడియాకు వెళ్తారు గాని వ్యాసం పేరు తెలుగులోనే మిగిలిపోయి, పుట సాధారణంగా దొరకదు. వ్యాసంలోనే ఉన్న భాషల జాబితా నుంచి వెళ్లడమే సరైన పద్ధతి.

డొమైన్ పేరే తెలుగులో ఉండవచ్చా?

ఉండవచ్చు. "డాట్ ఇన్" కు సమానంగా తెలుగు లిపిలో "డాట్ భారత్" అన్న కొస కూడా ఉంది. బ్రౌజరు దాన్ని లోపల "ఎక్స్ఎన్", రెండు హైఫన్లతో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల వరుసగా మార్చుకుంటుంది. వాడకం మాత్రం ఇంకా పలచగానే ఉంది.

బ్యాంకు పేరుతో లింకు వచ్చింది. అసలుదో నకిలీదో చిరునామా చూసి చెప్పవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు. మా పై అంతస్తులో ఉండే, ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒకరు, రాత్రికి కరెంటు తీసేస్తామన్న సందేశం చూసి కంగారుపడి లింకు నొక్కబోయి, నా తలుపు తట్టారు. ఆయనకు చెప్పిన వరుసే ఇక్కడా చెబుతాను.

గడపను పట్టుకోండి. అక్కడి నుంచి ఎడమకు జరుగుతూ మొదటి రెండు మాటలు చూడండి. "ఇన్" కు ముందు "గవ్", "ఏసీ", "బ్యాంక్" లాంటి వర్గనామం ఉంటే మూడో మాట కూడా చూడండి. ఆ రెండు మూడు మాటలే ఇంటి యజమానిని తెలుపుతాయి. ఉదాహరణలు రాయడానికే కేటాయించి ఉంచిన "ఎగ్జాంపుల్.కామ్" అనే పేరుతో చెప్పాలంటే, "జీవీఎంసీ.గవ్.ఇన్.ఎగ్జాంపుల్.కామ్/ఇంటిపన్ను" అన్న చిరునామాకు నగరపాలక సంస్థతో ఎటువంటి సంబంధమూ లేదు, అది ఎగ్జాంపుల్.కామ్ వారి ఇల్లు. అలాగే "ఎగ్జాంపుల్.కామ్/జీవీఎంసీ.గవ్.ఇన్" లో ఉన్న ప్రభుత్వ పేరు గడప లోపల గోడకు తగిలించిన బోర్డు మాత్రమే. ఇంకొక మాయ "@" గుర్తు. గడపకు ముందు ఆ గుర్తు కనిపిస్తే, దానికి ఎడమ ఉన్నది వాడుకదారు పేరు కింద లెక్క; అసలు ఇల్లు గుర్తుకు కుడివైపున మొదలవుతుంది. ఇంగ్లీషు "ఆర్", "ఎన్" అక్షరాలు రెండూ పక్కపక్కన పెట్టి "ఎమ్" లా కనిపించేటట్టు చేయడం, రష్యన్ లిపిలోని "ఎ" ను ఇంగ్లీషు "ఎ" స్థానంలో పెట్టడం మరికొన్ని మాయలు. వీటిని కళ్లతో పట్టుకోవడం కష్టం కనుక, లింకు నొక్కే బదులు మీకు తెలిసిన చిరునామాను మీరే టైపు చేయడం ఉత్తమం.

బ్యాంకుల విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. "బ్యాంక్.ఇన్" అన్న కొస ఉన్న పేర్లకు మారాలని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో దేశంలోని బ్యాంకులను ఆదేశించి, అక్టోబరు 31ని గడువుగా పెట్టింది. ఆ పేర్లను కేటాయించేది రిజర్వు బ్యాంకు నెలకొల్పిన, హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ ఒక్కటే, బ్యాంకు కానివారికి అది ఇవ్వదు. ప్రభుత్వ కార్యాలయాలకు "గవ్.ఇన్", విద్యాసంస్థలకు "ఏసీ.ఇన్", "ఈడీయూ.ఇన్" కూడా అలా కట్టుదిట్టంగా ఇచ్చే కొసలే. "డాట్ కామ్", ఒట్టి "డాట్ ఇన్" మాత్రం డబ్బు కట్టిన ఎవరికైనా దొరుకుతాయి.

ఇప్పటికే వివరాలు ఇచ్చి డబ్బు పోగొట్టుకున్నవారు చిరునామా పరిశోధనలో కాలం గడపకుండా, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుల 1930 నంబరుకు ఫోన్ చేయాలి, "సైబర్‌క్రైమ్.గవ్.ఇన్" లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

పొట్టి లింకు లోపల ఏముందో ముందే తెలుసుకోవచ్చా?

పొట్టి లింకులో, అంటే పొడుగు చిరునామాకు బదులుగా ఇచ్చే కురచ లింకులో, గడపకు ఎడమ ఉన్నది దారి చూపేవాడి పేరే గాని చేరే చోటు పేరు కాదు. అందుకే దాన్ని చదివి తేల్చలేం. "బిట్.లీ" లింకు అయితే చివర కూడిక గుర్తు చేర్చి తెరవండి, నేరుగా పంపకుండా, అసలు చిరునామాను చూపే పుట వస్తుంది. అపరిచితులు పంపిన పొట్టి లింకును తెరవకపోవడమే నా అలవాటు.

చిరునామాలో నా దరఖాస్తు నంబరు కనిపిస్తోంది. దాన్ని మార్చి ఇతరుల దరఖాస్తు చూడవచ్చా?

వద్దు. చివరి అంకెను ఒకటి పెంచితే పక్కవారి వివరాలు తెరుచుకోవడం ఆ సైటు కట్టినవారి లోపం. కానీ తలుపు గడియ వేయలేదని పక్కింట్లో దూరడం మర్యాద కాదు, చట్టసమ్మతమూ కాదు. యజమాని అనుమతి లేకుండా కంప్యూటరు వ్యవస్థలోకి ప్రవేశించడాన్ని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షన్ నిషేధిస్తుంది. అందరి కోసం పెట్టిన పుటల మధ్య అంకెలు మార్చుకుంటూ తిరగడం, అంటే జాబితాలోని రెండో పేజీ నుంచి ఐదో పేజీకి వెళ్లడం లాంటిది, పూర్తిగా నిరపాయం. ఒకవేళ పొరపాటున ఇతరుల వివరాలు కనిపిస్తే, మూసేసి సైటువారికి తెలియజేయండి. అదే కారణం చేత, మీ లాగిన్ తర్వాత తెరుచుకున్న పుట చిరునామాను ఇతరులకు పంపకండి.

రోజూ పనికొచ్చే చిన్న దిద్దుబాట్లు ఏమైనా ఉన్నాయా?

నేను నిజంగా వాడేవి రెండే. యూట్యూబ్ వీడియోలో ఒకటిన్నర నిమిషం దగ్గర మొదలుపెట్టి చూడమని చెప్పాలంటే, చిరునామా చివర "&", "టీ" అక్షరం, సమాన గుర్తు, 90 చేర్చి పంపుతాను. లింకులో అంతకుముందు ప్రశ్నార్థకం లేకపోతే "&" కు బదులు ప్రశ్నార్థకం పెట్టాలి.

రెండోది ఉపాధ్యాయులకు బాగా ఉపయోగపడుతుంది. గూగుల్ డాక్స్‌లో తయారుచేసిన ప్రశ్నపత్రం చిరునామాలో, చివరి గీత తర్వాత "ఎడిట్" అన్న మాట ఉంటుంది. దాన్ని దాని వెనుకనున్న తోకతో సహా తీసి "కాపీ" అని ఇంగ్లీషులో పెట్టి పంపితే, తెరిచిన ప్రతివారికీ సొంత నకలు చేసుకుంటారా అని అడిగే పుట వస్తుంది. మీ అసలు పత్రం చెక్కుచెదరదు. పంచుకునే అనుమతి మాత్రం మీరు ముందే ఇచ్చి ఉండాలి.

పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడా ఉందా?

గడపకు ఎడమ లేదు, కుడివైపున ఉండవచ్చు. పుస్తకంలోనో కరపత్రంలోనో అచ్చయిన చిరునామాను కొట్టేటప్పుడు కుడివైపు భాగాన్ని ఉన్నది ఉన్నట్టు కొట్టండి. "డబ్ల్యూ"లు మూడు అవసరమా అన్నది కూడా ఈ కోవలోదే. చాలా సైట్లు అవి ఉన్నా, లేకున్నా తెరుచుకుంటాయి. తెరుచుకోకపోతే రెండో విధంగా ప్రయత్నించండి.

ఫోనులో చిరునామాను ఎదుటివారికి ఎలా చెప్పాలి?

ముందు గడప దాకా చెప్పి, అక్కడ ఆగి, వారు రాసుకున్నది తిరిగి చదివించుకోండి. తర్వాత లోపలి దారి చెప్పండి. మధ్య గీతను హైఫన్ అని, అడుగు గీతను అండర్‌స్కోర్ అని విడిగా చెప్పాలి; రెంటినీ "గీత" అంటే అవతలివారు ఏటవాలు గీత పెట్టే ప్రమాదం ఉంది. చిరునామాలో ఖాళీలు ఉండవని ముందే హెచ్చరించండి, ఎందుకంటే మనం ఆగి ఆగి చెప్పే ప్రతి చోటా వారు ఒక ఖాళీ వదులుతారు. ఇంగ్లీషు "ఓ" అక్షరానికి, సున్నాకు తేడా చెప్పండి. ఇంత చెప్పినా అది తెరుచుకోకపోతే, అనవసరపు చీటీ కత్తిరించిన లింకును వాట్సాప్‌లో పంపేయండి.